చాందా, చంద్రపూరు: వెదకువానికి త్రోవ

ఒకే యూరికి రెండు పేర్లుండుట మనకు వింత గాదు. ఓరుగల్లును వరంగల్లును ఒక్కటే. బెజవాడయు విజయవాడయు ఒక్కటే. రాజమహేంద్రవరమనినను రాజమండ్రి యనినను గోదావరి గట్టుననున్న ఆ పట్టణమే మన మనస్సునకు వచ్చును. మేము నివసించు చంద్రపూరునకును ఇట్టి రెండవ పేరు కలదు. 1964వ సంవత్సరము వరకు ప్రభుత్వ పత్రములలో దీని పేరు చాందా. తెలంగాణము నుండి వచ్చు పెద్దలు నేటికిని "చాందా పోవుచున్నాము" అనియే చెప్పుదురు. రైలుశాఖ వారును ఆ పేరును పూర్తిగా విడువలేదు. గోందియా నుండి బల్లార్షా వచ్చు మార్గమున "చాందా ఫోర్ట్" అను స్టేషను నేటికిని కలదు.

రెండు పేర్లున్నందున మనుష్యులకు చిక్కు కలుగదు. త్రోవ నడిగినవానితో, చెప్పువాడు నవ్వి, "రెండును ఒకటేనయ్యా" యనును. కాని ఈ కాలమున మనము త్రోవ నడుగునది మనుష్యుని గాదు, యంత్రమును. సెర్చి ఇంజను అను ఆ శోధన యంత్రము కొంతవరకు ఊహింపగలదు. అయినను దాని యూహకు ఆధారము మన వ్రాతలోనే యుండవలెను. మన వ్రాత తన పేరును, తన ఊరును, తన విషయమును వాకిటనే చెప్పుకొననిచో, లోపల ఎంతటి సంపద యున్నను వెదకువానికి దొరకదు.

ఈ మాట మేము పుస్తకములు చదివి నేర్చినది గాదు, నష్టపడి నేర్చితిమి. మా సంఘము తన పాత సంచికల నుండి కొన్ని వ్యాసముల నెన్ని ఒక వెబ్‌సైటున పెట్టించినది. అందులో, ఇచ్చటి బొగ్గుగనిలో పనిచేసి, విశ్రాంతి తీసికొని, స్వగ్రామమునకు మరలిపోయిన యొక పెద్దమనిషి వ్రాసిన జ్ఞాపకములును ఉండెను. ఆయన గతించిన పిమ్మట ఆయన మనుమరాలు ఆ వ్యాసమును తాతగారి సంవత్సరీకము నాడు ఇంట చదివింపవలెనని కోరి, ఎన్నియో మారులు శోధన యంత్రములో వెదకినదట. ఏమియు దొరకలేదు. ఆ దినము గడచిపోయిన తరువాత, ఒక బంధువుల పెండ్లిలో మా సభ్యు నొకరిని కలిసి, "బాబాయిగారూ, మీ సంఘము వారి పాత సంచికలు ఎవరి దగ్గరనైన ఉన్నవాండీ?" అని యడిగినది. ఆమె యడుగునాటికి ఆ వ్యాసము ప్రపంచమంతయు చూడదగినట్లు వెబ్‌సైటున నుండియే యున్నది. ఉండియు లేనిదాయెను.

ఎందువలన నిట్లయ్యెనో విచారించితిమి. ఆ విచారణ మమ్ము చాలా దూరము తీసికొనిపోయినది. వ్రాతకు వాకిట పేరు వ్రాయుట అను ఈ పని యంత్రములతో పుట్టినది గాదనియు, మన పూర్వులు దీనిని మనకంటె శ్రద్ధగా చేసిరనియు తెలిసికొంటిమి. ఆ కథయే ఈ వ్యాసము.

ఊరు, పేరు

ముందుగా ఈ సీమను గూర్చి రెండు మాటలు. చాందా గోండు రాజుల రాజధాని. 1751లో వారి రాజ్యము నాగపురపు భోంసలేల వశమైనది. 1818లో ఆంగ్లసేనలు కోటను ముట్టడించి పట్టుకొన్నవి. మూడవ రఘూజీ సంతానము లేక 1853లో గతింపగా రాజ్యము ఆంగ్లేయుల పాలనలోనికి పోయినది. 1861లో మధ్యపరగణాలు ఏర్పడినవి. 1874లో ఎగువ గోదావరి జిల్లాను రద్దుచేసి, సిరోంచ ప్రాంతమును చాందా జిల్లాలో కలిపిరి. ప్రాణహిత యొడ్డున, కాళేశ్వరమున కెదురుగా నున్న సిరోంచలో తెలుగు ఇంటిభాష. చాందా జిల్లాలోని తెలుగుతనమునకు ఇదియు నొక కారణము. చెర్ల, ఆల్బాక, నూగూరు ప్రాంతములును ఈ జిల్లాలోనే యుండి, ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దమున మదరాసు రాజధానిలోనికి పోయినవి.

తరువాతి కథ అందరెరిగినదే. 1920ల చివర కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుమార్గము పూర్తియైనది. గనులలోను, కాగితపు మిల్లులోను, రైలుశాఖలోను పనికై తెలుగువారు వచ్చిరి. 1956లో జిల్లా మధ్యప్రదేశము నుండి బొంబాయి రాష్ట్రమునకు మారినది. నిజాము కాలమున ఆదిలాబాదు జిల్లాలో నుండిన రాజురా తాలూకా, నాందేడు మీదుగా, 1959లో చాందాలో చేరినది. 1960లో మహారాష్ట్రము, 1964లో చంద్రపూరు అను పేరు, 1982లో తూర్పు భాగము వేరై గడ్‌చిరోలి జిల్లా.

ఇప్పుడు చదువరులు ఒక్క సిరోంచ సంగతి ఆలోచింతురు గాక. ఊరు కదలలేదు, నది కదలలేదు. కాని ఆ ఊరి తెలుగువారిని గూర్చి వెదకువాడు, కాలమును బట్టి ఎగువ గోదావరి జిల్లా యనియో, చాందా జిల్లా యనియో, చంద్రపూరు జిల్లా యనియో, గడ్‌చిరోలి జిల్లా యనియో వెదకవలెను. 1909లో ప్రకటితమైన జిల్లా గెజెటీరు చాందా పేరుననే కలదు. చంద్రపూరని మాత్రమే ఎరిగిన నేటి పిల్లవానికి ఆ గ్రంథము కంటబడుట యెట్లు? చాందా అని మాత్రమే ఎరిగిన ముసలివానికి నేటి వ్రాతలు దొరకుట యెట్లు?

ఇంకొక చిక్కు, కొంత హాస్యముగ తోచునది, కలదు. తెలుగున దీర్ఘము తప్పించి "చందా" అని వ్రాసితిమా, అది పత్రికలకును సంఘములకును మనము కట్టు చందా యగును. ఊరిని వెదకబోయినవానికి సభ్యత్వరుసుముల వివరములు కనబడును. ఆదిలాబాదునకు సమీపమున చాందా అను పల్లెయు నొకటి కలదు. చంద్రపూరని పేరుగల యూరు నేపాళములోను ఉన్నది. కావున పేరొక్కటియే చాలదు. పేరుతో పాటు జిల్లాయు, రాష్ట్రమును, విషయమును చెప్పవలెను.

గద్యము, మకుటము, పట్టిక

మన ప్రాచీన కవులు ఈ యవసరమును బాగుగా ఎరిగినవారు. ఆశ్వాసము ముగియగనే గద్యమొకటి వ్రాయుట వారి యాచారము. అందు కవి పేరు, తండ్రి పేరు, గ్రంథము పేరు, ఆశ్వాసపు సంఖ్య యుండును. తిక్కన సోమయాజి తండ్రి కొమ్మన యనియు, పోతన తండ్రి కేసన యనియు, శ్రీనాథుని తండ్రి మారయ యనియు మనకు ఈ గద్యములు చెప్పుచున్నవి. ఇది ఆత్మస్తుతికై చేసిన పని యని తొందరపడి యనరాదు. తాటియాకుల కట్టలు త్రాడు తెగి చెదరిపోవును. నడుమనున్న నాలుగు ఆకులు మాత్రమే యొకరి చేత బడవచ్చును. ఆ ఆకులలో గద్యమున్నచో, "నేను ఫలానావాని బిడ్డను, ఫలానా గ్రంథములో మూడవ ఆశ్వాసమును" అని అవి తమంతట తామే చెప్పుకొనును. గ్రంథమున కొక్కమారు గాక, ప్రతి ఆశ్వాసమునకును గద్యము వ్రాయుటలోని ప్రయోజనము ఇదియే.

శతకమునకు మకుటము అట్టిదే. పద్యము పుస్తకమును విడిచి నోటినుండి నోటికి తిరుగును. అయినను తుదిమాటను బట్టి అది ఏ యింటి పద్యమో పోల్చుకొనవచ్చును. వేమన పద్యములను బ్రౌను దొర సేకరించి 1829లో అచ్చు వేయించుటకు తోడ్పడిన గుర్తులలో మకుటము ముఖ్యమైనది. కాని ఇందులోనే యొక అపాయమును కలదు. మకుటము తగిలించినంతనే పద్యమునకు వేమన గౌరవము లభించును గనుక, ఇతరులు చెప్పిన పద్యములు అనేకములు ఆయన పేర చేరినవని పండితులు తలచుచున్నారు. గుర్తు ఎంత ఉపయోగకరమో, దొంగగుర్తు అంత హానికరము. ఈ మాట చదువరులు మనస్సున నుంచుకొందురు గాక. ముందు దీనితో పని కలదు.

గ్రంథములు పెరిగిన పిమ్మట పట్టికలు వచ్చినవి. కల్నల్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగు ఆంధ్రుల సహాయమున సేకరించిన వ్రాతలకు, ఆయన గతించిన తరువాత, 1828లో విల్సను పండితుడు వివరణాత్మకమైన పట్టిక ప్రకటించెను. పట్టిక లేక ఆ రాశిలో నేది యెక్కడ నున్నదో ఎవరికి తెలియగలదు? 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినవి. 1931లో రంగనాథన్ గారు మదరాసు నుండి గ్రంథాలయ శాస్త్రపు ఐదు సూత్రములను ప్రకటించిరి. ప్రతి గ్రంథమునకును దాని చదువరి యొకడు కలడనియు, ఆ చదువరి కాలమును వృథా చేయరాదనియు వాటి సారములో నొక భాగము. మన నిఘంటువులలో ఒక పదముకడ "చూ." అని వ్రాసి వేరొక పదమును చూపుదురు గదా! చాందా, చూ. చంద్రపూరు. ఒక్క యక్షరపు ఆ గుర్తు ఎందరి శ్రమను తగ్గించినదో లెక్కింపజాలము.

యంత్రము వచ్చిన విధము

కంప్యూటరు లోకమునకును ఇదే యవసరము వచ్చినది. 1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ఆలన్ ఎంటేజ్ అను యువకుడు "ఆర్చీ" అను శోధన సాధనమును నిర్మించెను. అది ఫైళ్ల పేర్లను మాత్రమే వెదకెడిది. లోపలి విషయము దానికి తెలియదు. అనగా, మొదటి శోధన యంత్రమే పేరు మంచిగా పెట్టనివానిని శిక్షించినది. 1994లో మార్టిన్ కోస్టర్ అను నతడు, యంత్రములు ఏ పుటలను చూడవచ్చునో, వేనిని చూడరాదో తెలుపుటకు వాకిట నుంచు ఆజ్ఞాపత్రమును ప్రతిపాదించెను. "రోబోట్స్" అను ఆ చిన్న ఫైలు నేటికిని వాడుకలో నున్నది. 1998లో గూగుల్ సంస్థ వెలసినది. పుటలోని మాటలతో పాటు, ఏ పుటను ఎన్ని పుటలు, ఎట్టి పుటలు చూపుచున్నవో లెక్కించుట దాని ప్రత్యేకత.

ఈ యంత్రములకు తెలుగు కనబడుటకు మాత్రము చాలా కాలము పట్టినది. మొదటి రోజులలో విదేశములనున్న తెలుగు విద్యార్థులు రోమను లిపిలోనే తెలుగు వ్రాసికొనిరి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన లిప్యంతరీకరణ పద్ధతి వారికి తోడ్పడినది. తరువాత తెలుగు పత్రికలు వెబ్‌సైటులు పెట్టినప్పుడు, ఒక్కొక్కరిది ఒక్కొక్క ఫాంటు. కంటికి "క" అని కనబడినను, లోపల నున్నది ఏదో ఇంగ్లీషు అక్షరపు సంకేతము. చదువరి చూచునది తెలుగు. యంత్రము చూచునది అర్థములేని అక్షరముల కుప్ప. ఇట్లు కొన్ని సంవత్సరముల తెలుగు వ్రాత, ముద్రితమైయుండియు, శోధనకు అందక పోయినది. 1991లో ప్రకటితమైన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానమున్నను, అది మన కంప్యూటరులలో వాడుకకు వచ్చుట కొత్త శతాబ్దముననే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైనది. అప్పటి నుండియే తెలుగున వెదకినవానికి తెలుగు దొరకుట క్రమక్రమముగా అలవాటైనది.

ముఖపత్రము దిద్దుట

శోధన యంత్రములో నొక మాట వ్రాసి మీట నొక్కినచో, ఒక్కొక్క పుటకు మూడు అంశములు కనబడును: శీర్షిక, చిరునామా, రెండు వరుసల వివరణము. వెదకువాడు ఈ మూటినిబట్టియే లోపలికి పోవలెనో మానవలెనో నిశ్చయించుకొనును. ఈ మూటిని మనము దిద్దుటకు వీలుగా వెబ్‌సైటు సెట్టింగులలో కొన్ని గళ్లుండును. చాలమంది వాని నట్లే వదలివేయుదురు. మేమును వదలితిమి.

మొదటిది శీర్షిక. యంత్రము పుట విషయమును నిర్ణయించునపుడు దీనికి మంచి విలువ నిచ్చును. మా పెద్దమనిషి వ్యాసమునకు శీర్షిక "జ్ఞాపకములు" అని మాత్రమే యుండెను. అచ్చు సంచికలో అది చాలును. ఏలయన, అట్టమీద సంఘము పేరు, ఊరు పేరు ఉన్నవి, లోపల విషయసూచిక యున్నది. వెబ్‌సైటు పుటకు అట్ట లేదు. అది త్రాడు తెగిన తాటియాకు వంటిది. ఒంటరిగా పరుల చేత బడును. కావున ప్రతి పుటయు తన గద్యమును తానే మోసికొనవలెను. శీర్షికలో ముఖ్యమైన మాటలు ముందును, సంఘము పేరు చివరను ఉండుట మేలు. శీర్షిక దీర్ఘమైనచో, చోటు చాలక యంత్రము తుదిభాగమును కత్తిరించును. ఈ కత్తిరింపు అక్షరముల లెక్కను బట్టి గాక, అవి ఆక్రమించు వెడల్పును బట్టి జరుగును. ఇంకొక సంగతి: మనము పెట్టిన శీర్షిక పుటలోని విషయమునకు తగినట్లు లేదని తోచినచో, యంత్రము దానిని మార్చి చూపుటయు కలదు.

రెండవది వివరణము. ఇది పుటను పైకి ఎత్తదు; స్థానము దీనినిబట్టి నిర్ణయింపబడదు. అయినను చదువరిని లోపలికి పిలుచునది ఇదియే. మన మేమియు వ్రాయనిచో, యంత్రము పుటలోనుండి తనకు తోచిన రెండు వాక్యములను ఏరి చూపును. మనము వ్రాసినను ఒక్కొక్కప్పుడట్లే చేయును. మా పుటకు వివరణపు గడి ఖాళీగా నుండుటచే, యంత్రము చూపగలిగిన పక్షమున, సంఘపు కార్యాలయ వేళలు మాత్రమే చూపియుండును. అదియే పుట పైభాగమున నున్న మొదటి వాక్యము.

మూడవది చిరునామా, అనగా లింకు. ఇచ్చట తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. లింకులో తెలుగు అక్షరమును యంత్రము యథాతథముగా భద్రపరుపదు. ఒక్కొక్క తెలుగు సంకేతమును తొమ్మిది రోమను గుర్తులుగా మార్చి వ్రాయును. అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఇవన్నియు వేరువేరు సంకేతములే. "చంద్రపూరు" అను మాటలో అట్టివి తొమ్మిది. కావున ఆ యొక్క మాటయే 81 గుర్తులగును. బహుళ ప్రచారమున నున్న వర్డ్‌ప్రెస్సు అను సాధనమున లింకునకు 200 గుర్తుల హద్దు. "చంద్రపూరు తెలుగువారి చరిత్ర" అని శీర్షిక పెట్టి చూడుడు. లింకులో "చరిత్ర" పూర్తిగా పట్టక "చరి" యని తెగిపోవును. చరిత్రను సగమునకే కోయు ఈ కత్తెరకు మందు సులభము: లింకు గడిలో చిన్న రోమను మాటలు రెండు మూడు మనమే వ్రాయుట. ఒకమారు పెట్టిన లింకును మార్చరాదు. మార్చవలసివచ్చినచో పాత లింకునుండి క్రొత్తదానికి దారి మళ్లింపు పెట్టవలెను. నిఘంటువులోని "చూ." అను గుర్తు ఇచ్చట మరల ప్రత్యక్షమైనది.

నాలుగవది బొమ్మలు. పాత సంచిక పుటలను ఫొటో తీసి పెట్టుట సులభమే. కాని బొమ్మలోని అక్షరములను యంత్రము చదివి తీరునను నమ్మకము లేదు. వ్యాసమును టైపు చేయించుటయే మంచిది. బొమ్మ పెట్టినప్పుడు అందేమున్నదో ఒక వాక్యమున వ్రాయుటకు గడి కలదు. చూపులేనివారికి కంప్యూటరు దానినే చదివి వినిపించును గనుక, అది పుణ్యమును పురుషార్థమును గూడ.

ఐదవది కాలము, కర్త. పాత వ్యాసమును నేడు ఎక్కించినచో యంత్రము నేటి తేదీని చూపును. చదువరి అది క్రొత్త వ్రాతయని భ్రమపడును. కావున తొలుత ప్రకటితమైన సంవత్సరమును శీర్షికలోగాని, వివరణములోగాని చెప్పవలెను. గ్రంథకర్త పేరును, తేదీని యంత్రమునకు తెలియునట్లు వ్రాయుటకు ప్రధాన శోధన సంస్థలు కలిసి 2011లో ఒక సామాన్య పద్ధతిని ఏర్పరచినవి. మన గద్యములోని అంశములే అందును ఉన్నవి. తండ్రి పేరు మాత్రము అడుగుట లేదు.

ఆరవది విషయసూచిక. వెబ్‌సైటులోని పుటల జాబితాను యంత్రమునకు సమర్పించు "సైట్‌మ్యాప్" పద్ధతిని 2005లో గూగుల్ ప్రారంభింపగా, 2006లో యాహూ, మైక్రోసాఫ్టు సంస్థలును అంగీకరించినవి. గ్రంథాలయమునకు పట్టిక యెట్టిదో, వెబ్‌సైటునకు ఇది యట్టిది.

మా తప్పు

ఇవన్నియు దిద్దదగిన లోపములే గాని, మా పుట అసలే కనబడకపోవుటకు కారణము వేరొకటి. సెట్టింగులలో "రీడింగ్" అను పుటలో, శోధన యంత్రములు ఈ సైటును చేర్చుకొనవలదని చెప్పు చిన్న గడి యొకటి కలదు. సైటు నిర్మాణములో నున్నంతకాలము దానిపై టిక్కు పెట్టియుంచుట పనివారి యలవాటు; సగము కట్టిన యింటిని లోకము చూడకుండుటకు. పని ముగిసిన తరువాత దానిని తీయవలెను. మాకు సైటు నిర్మించి యిచ్చినవారు తీయ మరచిరి. అప్పగించుకొన్న మేము చూడ మరచితిమి. వారిని నిందించి ప్రయోజనము లేదు. గృహప్రవేశమైన పిమ్మట ఇంటి తలుపు లోపలినుండి గడియ పెట్టియున్నదో లేదో చూచుకొనవలసినవాడు గృహస్థుడే. ప్రారంభోత్సవము చేసి, దీపము వెలిగించి, ఉపన్యాసములిచ్చి, గడియ పెట్టిన తలుపు వెనుక మేము మూడు సంవత్సరములు కూర్చుంటిమి!

ఈ సందర్భమున నొక సూక్ష్మము చెప్పవలెను. రోబోట్స్ ఫైలులో "చూడవలదు" అనుటయు, పుటలో "చేర్చవలదు" అని వ్రాయుటయు ఒకటి గాదు. మొదటిది వాకిటిలోనే ఆపును. రెండవది లోపలికి రానిచ్చి, జాబితాలో వ్రాసికొనవలదని చెప్పును. రెండును కలిపినచో యంత్రము లోపలికి రాలేదు గనుక రెండవ మాటను చూడనే చూడదు. ఇతరుల పుటలలోని లింకులను బట్టి చిరునామా మాత్రము బయటపడవచ్చును. సభ్యుల ఫోను సంఖ్యల వంటి వానిని దాచుటకు ఈ రెండింటిని నమ్ముటయు తగదు. అట్టివి బహిరంగముగ నుంచకుండుటయే మార్గము.

టిక్కు తీసివేసితిమి. విషయసూచికను సమర్పించితిమి. వ్యాసపు శీర్షికను "చాందా బొగ్గుగనులలో తెలుగువారు: ఒక ఉద్యోగి జ్ఞాపకములు" అని దిద్దితిమి. వివరణములో "మహారాష్ట్రములోని చంద్రపూరు, అనగా పూర్వపు చాందా, గనులలో తెలుగు కుటుంబముల జీవనము, పండుగలు, బడి" అని వ్రాసితిమి. యంత్రము వెంటనే చూడదు. దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. కొన్ని వారములకు ఆ మనుమరాలు తానే వెదకి చూచి, కనబడినదని ఫోను చేసినది. "తాతయ్య పేరు కనబడిందండీ" అని మాత్రమే యన్నది. ఆమెకు తెలుగు మాట వచ్చును గాని చదువ రాదు; వ్యాసమును వాళ్ల అమ్మగారు చదివి వినిపించిరట. గడచిన సంవత్సరీకమును మేము తిరిగి తేలేము. మరు సంవత్సరమునకు మాత్రము అందినది.

రెండు పేర్లు, మూడు లిపులు

ఆమె తొలుత వెదకినది రోమను లిపిలో. ఇది ఆలోచింపవలసిన విషయము. చంద్రపూరున తెలుగువారి పిల్లలు మరాఠీ బడిలోనో, ఇంగ్లీషు బడిలోనో చదువుదురు. ఇంట తెలుగు మాటలాడుదురు; వెదకునప్పుడు దేవనాగరిలోనో, రోమను లిపిలోనో వ్రాయుదురు. మనము తెలుగు లిపిలో మాత్రమే వ్రాసి, వారు తెలుగు మరచిరని విచారించుట న్యాయమా? వ్యాసము తెలుగుననే యుండవలెను. అందు రాజీ లేదు. కాని దాని వాకిట, మరాఠీలో నొక వాక్యము, ఇంగ్లీషులో నొక వాక్యము వ్రాసినచో మన భాషకు లోటు లేదు. అది అతిథికి పరచిన పీట.

అయితే మితము తప్పరాదు. చాందా, చంద్రపూరు, బల్లార్షా, బల్లార్‌పూరు అని పేర్లన్నియు వరుసగా గ్రుచ్చి పుట అడుగున పేర్చుట తగదు. పూర్వము పుటలో చదువరికి కనబడకుండ ముఖ్యపదముల జాబితా నుంచుట వాడుకగా నుండెను. సంబంధము లేని ఖ్యాతిగల పేర్లను అందు జొప్పించి మోసగించువారు బయలుదేరిరి. 2009లో గూగుల్ సంస్థ, తన స్థాననిర్ణయములో ఆ జాబితాను పరిగణింపనే పరిగణింపనని బహిరంగముగా చెప్పినది. వేమన మకుటమును అరువు తెచ్చుకొన్న పద్యముల కథయే ఇది. యథార్థమైన వాక్యములో రెండు పేర్లును సహజముగా వచ్చునట్లు వ్రాయుట చాలును: "చంద్రపూరును పూర్వము చాందా యనెడివారు." సత్యమునకు సత్యము, గుర్తునకు గుర్తు.

ఇతర ప్రాంతములలోని సంఘములవారికి మాదొక విన్నపము. బెర్హంపురమనియు బరంపురమనియు, బొంబాయి యనియు ముంబయి యనియు, మదరాసు అనియు చెన్నై యనియు మీ ఊళ్లకును రెండు పేర్లు కలవు. మీ పాత సంచికలు బీరువాలలో నున్నను, వెబ్‌సైటులలో నున్నను, ఒక్కొక్క వ్యాసమును తీసి మూడు ప్రశ్నలు వేయుడు: ఇది ఎవరు వ్రాసినది? ఏ యూరిని గూర్చి, ఏ కాలమును గూర్చి? దీనిని వెదకువాడు ఏ మాటతో వెదకును? ఈ మూటికిని ఉత్తరము వాకిటనే యున్నచో మీ పని పూర్తియైనట్లే. లేనిచో ఒక సాయంకాలము కూర్చుండి వ్రాయుడు; అంతకంటె వ్యయము లేదు. తలుపు గడియ మాత్రము ముందు చూచుకొనుడు.

తిక్కన కాలమున గద్యము వ్రాసినవాడు, తన యాకులు ఏ శతాబ్దమున ఎవరి చేతిలో పడునో ఎరుగడు. అయినను ప్రతి ఆశ్వాసపు తుదను తండ్రి పేరు, తన పేరు, గ్రంథము పేరు ఓపికతో వ్రాసెను. ఆ యోపికవలననే మనము నేడు వారిని పేరు పెట్టి పిలువగలుగుచున్నాము. చాందా గనులలో చెమటోడ్చిన తెలుగువారును, సిరోంచ రేవున పడవలు దిగిన తెలుగువారును అట్లే పేరు పెట్టి పిలువబడుటకు తగినవారు. వారిని వెదకుచు ఎవరో యొక మనుమరాలు రేపును వచ్చును. ఆమెకు త్రోవ చెప్పు పలక వ్రాసియుంచుట మన వంతు.